వంటింటి బెలూను

బల్ల మీద మనిషి మెలకువగానే ఉన్నాడు.

1977 సెప్టెంబరు 16, శుక్రవారం. జ్యూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో ఎక్స్‌రే గది. అతని వయసు 38. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మే ఉద్యోగం. ఎవరి ప్రాణానికి ఎంత రిస్కో లెక్కగట్టే వ్యాపారంలో మనిషి. ఇవాళ తన రిస్కు ఎంతో చెప్పగలిగినవాళ్లు ఆ గదిలో ఎవరూ లేరు. ఆ మాటకొస్తే ప్రపంచంలోనే ఎవరూ లేరు.

గజ్జ దగ్గర తిమ్మిరి సూది వేశారు. అక్కడి రక్తనాళంలోంచి సన్నటి గొట్టం లోపలికి పోయింది. పొట్ట దాటింది. ఛాతీలోకి ఎక్కింది. గుండె గుమ్మం ముందు ఆగింది. రక్తనాళాలకు లోపలివైపు స్పర్శ ఉండదు కాబట్టి ఒంట్లో అంత దూరం ఓ గొట్టం నడిచొచ్చిందని అతనికి తెలియనే లేదు. తెలిసిందల్లా తల పైన యంత్రం జరుగుతున్న చప్పుడు, సీసపు ఏప్రాన్లు తొడుక్కుని తన మీదికి వంగిన మొహాలు, మానిటర్ మీద తన గుండె తనకే గీసి చూపిస్తున్న వంకర గీత. ఇంకాసేపటికి ఆ గీత ఇలాగే ఉంటుందా?

గొట్టం పట్టుకున్న డాక్టర్ పేరు ఆండ్రియాస్ గ్రుంట్జిగ్. ఆయనకీ 38 ఏళ్లే. గొట్టంలోంచి ఇంకో సన్నటి గొట్టం పంపిస్తున్నాడు. దాని కొసన ముడుచుకున్న బెలూను. ఉబ్బితే 3 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. మూసుకుపోతున్న గుండె రక్తనాళంలో దాన్ని నిలబెట్టి ఉబ్బించాలి. అంటే, తెరవడం కోసం ముందు పూర్తిగా మూసేయాలి. మెలకువగా ఉన్న మనిషి గుండెలో, అది కొట్టుకుంటూ ఉండగా, ఆ పని అప్పటిదాకా ఎవరూ చేయలేదు.

పక్కనే ఆపరేషన్ థియేటర్ సిద్ధం. సర్జన్లు కాచుకుని ఉన్నారు. తేడా వస్తే పరుగున తీసుకెళ్లి ఛాతీ కోయాలి. తేడా రాకూడదని అందరికీ ఉంది. రాదని మాత్రం ఎవరికీ నమ్మకం లేదు.

ఈ రోగిని గ్రుంట్జిగ్‌కి చూపించింది బెర్న్‌హార్డ్ మాయర్ అనే కుర్ర డాక్టర్. వార్డులో ఓ మనిషి ఉన్నాడు. ఛాతీ పట్టేసినట్టు నొప్పి. యాంజియోగ్రామ్‌లో దొరికింది ఒకే ఒక్క ఇరుకు. గుండె ముందు గోడకి రక్తం మోసే పెద్ద నాళంలో, మొదట్లోనే. పొట్టిగా ఉంది. వంకర లేని చోట ఉంది. సులువుగా చేరుకోవచ్చు. గ్రుంట్జిగ్ ఇన్నేళ్లూ కాచుకున్నది సరిగ్గా ఇలాంటి ఇరుకు కోసమే.

కానీ ఉన్న చోటే గుండెలు గుభేలుమనిపించే చోటు. ఆ నాళం అక్కడ టప్పున మూసుకుంటే గుండె కండరంలో పెద్ద ముక్క చచ్చిపోతుంది. డాక్టర్లు తమలో తాము దానికి పెట్టుకున్న మొరటు పేరు, ఆడవాళ్లను విధవలను చేసే నాళం.

బైపాస్ చేయాలని అప్పటికే అనుకున్నారు. రొమ్ము ఎముక నిలువునా కోయాలి. గుండెని ఆపాలి. కాలిలోంచి సిర తీసి ఇరుకుకి అవతల కలపాలి. అర్జెంటీనా సర్జన్ రెనే ఫవలోరో క్లీవ్‌లాండ్‌లో 1967లో ఆ దారి వేసి పదేళ్లయింది. పనిచేసే దారే. బల్ల మీద మనిషికి మాత్రం ఛాతీ కోయించుకోవడం సుతరామూ ఇష్టం లేదు. ఇంకో పద్ధతి ఉంది, అయితే మీరే మొదటి మనిషి అవుతారు అని గ్రుంట్జిగ్ దాపరికం లేకుండా చెప్పాడు. అతను ఒప్పుకున్నాడు.

బెలూను ముందుకు జరుగుతోంది. తెర మీద నల్లటి కొమ్మలా నాళం. ఒకచోట ఆ కొమ్మ దారంలా సన్నబడింది. అక్కడికి ఇంకా కొంచెం దూరం.

ఆ ఇరుకు ఆ ఏడాది పుట్టింది కాదు. ఏళ్ల క్రితమే, నొప్పి అంటే ఏంటో తెలియని వయసులో, లోపల పని మొదలైపోయి ఉంటుంది. రక్తనాళానికి లోపల పరుచుకున్న పొర ఒకే ఒక్క కణం మందం. సిగరెట్ పొగ, అధిక రక్తపోటు, షుగరు ఆ పొరని గాయపరుస్తాయి. రక్తంలో తిరిగే చెడ్డ కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్, ఆ పొర కిందికి జారుకుంటుంది. అక్కడ చెడిపోతుంది. దాన్ని తినేయడానికి తెల్లరక్తకణాలు చొరబడతాయి. తింటాయి. తిని తిని ఉబ్బుతాయి. బయటికి రాలేక అక్కడే చస్తాయి. కొవ్వు గుజ్జు, చచ్చిన కణాలు, వాటిని కప్పుతూ కండర కణాలు అల్లిన గట్టి పొర, ఆనక మెల్లగా పేరుకునే సున్నం, ఇవన్నీ కలిసి నాళం గోడలోనే ఓ పుండుగా ముదురుతుంటే పైకి మనిషి పరిగెడుతుంటాడు, నవ్వుతుంటాడు, పెళ్లి చేసుకుంటాడు. చాలాకాలం నాళం బయటివైపుకి సాగి లోపల దారి తగ్గకుండా సర్దుకుంటుంది కూడా. ఇక సాగలేని రోజు వస్తుంది.

ఇది కొలెస్ట్రాల్ పనేనని 1913లోనే రష్యాలో నికొలాయ్ అనిచ్‌కోవ్ పట్టుకున్నాడు. కుందేళ్లకి పొద్దుతిరుగుడు నూనెలో కొలెస్ట్రాల్ కలిపి పెట్టాడు. వాటి నాళాల్లో ఇవే మచ్చలు. లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1953లో ఇంకో దెబ్బ తగిలింది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికా సైనికుల గుండెలు కోసి చూశారు. సగటు వయసు 22. వాళ్లలో 77 శాతం మంది గుండె నాళాల్లో జబ్బు కంటికి కనిపించింది. ఇరవైరెండేళ్ల కుర్రాళ్లు! మరి 38 ఏళ్లకి నొప్పి వచ్చిందంటే వింతేముంది?

గ్రుంట్జిగ్ 1939లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. తండ్రిని యుద్ధం మింగేసింది. పెరిగింది తూర్పు జర్మనీలో. 1950ల చివర్లో సరిహద్దు దాటి పశ్చిమానికి వచ్చేశాడు. హైడెల్‌బర్గ్‌లో మెడిసిన్ చదివాడు. డార్మ్‌స్టాట్ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఓ రోగి అడిగిన ప్రశ్న ఆయన బుర్రలో మేకులా దిగింది. ఇన్ని మందులెందుకు డాక్టర్, ప్లంబర్ పైపులోకి తీగ బ్రష్ దూర్చి శుభ్రం చేసినట్టు మా నాళాన్నీ చేసేయకూడదా అని.

ప్రశ్న అమాయకమైంది. అందులో తప్పూ ఉంది. పైపులో మడ్డి పైపు లోపల అంటుకుని ఉంటుంది, గీకితే పోతుంది. ఇక్కడ జబ్బు గోడలోనే ఉంది. గీకడానికేమీ లేదు. ఆ తేడాకి ఎంత ఖరీదు కట్టాలో గ్రుంట్జిగ్‌కి అప్పుడింకా తెలియదు. ప్రశ్న మాత్రం ఆయన్ని వదల్లేదు.

అప్పటికే అమెరికాలో ఒకాయన ఆ పిచ్చి పని చేసేశాడు. చార్లెస్ డాటర్. ఓరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్. 1964 జనవరిలో 82 ఏళ్ల ముసలావిడ వచ్చింది. కాలి వేళ్లు కుళ్లుతున్నాయి. కాలు తీసేయాలన్నారు. ససేమిరా అంది. డాటర్ ఆమె తొడ నాళంలోకి సన్న గొట్టం, దాని మీదుగా లావు గొట్టం, ఇలా ఒకదాని మీద ఒకటి తోసి ఇరుకుని వెడల్పు చేశాడు. చల్లబడ్డ పాదం వేడెక్కింది. ఆమె తన కాళ్ల మీద తను నడుచుకుంటూ ఇంటికెళ్లింది. అమెరికా డాక్టర్లు నమ్మలేదు, ‘పిచ్చి చార్లీ’ అన్నారు. యూరప్‌లో కొందరు నమ్మారు. వాళ్ల దగ్గర గ్రుంట్జిగ్ ఆ విద్య నేర్చుకున్నాడు.

నేర్చుకున్నాడు గానీ తృప్తి లేదు. గొట్టాన్ని అలా మొరటుగా తోస్తే కాలికి సరిపోవచ్చు. గుండెకి కుదరదు. సన్నగా లోపలికి పోవాలి, కావలసిన చోట మాత్రమే లావెక్కాలి, మళ్లీ సన్నబడి బయటికి రావాలి. అలాంటి వస్తువు బజారులో ఎక్కడా లేదు.

అందుకని వంటింట్లో మొదలుపెట్టాడు.

పగలు ఆసుపత్రి. రాత్రి జ్యూరిక్‌లోని ఇంట్లో వంటింటి బల్ల. చుట్టూ భార్య మికేలా, ఆసుపత్రిలో తనకు సాయం చేసే మరియా ష్లుంఫ్, ఆమె భర్త వాల్టర్. బల్ల నిండా ప్లాస్టిక్ గొట్టాల ముక్కలు, బ్లేళ్లు, దారాలు, జిగురు. రబ్బరు బెలూను తీసుకుంటే మెత్తగా ఉన్నవైపుకే ఉబ్బి ఇరుకుని వదిలేస్తోంది. ఉబ్బు అదుపులో ఉండాలని పైన పట్టు దారపు వల చుట్టి చూశారు. లావైపోతోంది. చివరికి రిటైరైన రసాయన శాస్త్ర ప్రొఫెసర్ హైన్రిష్ హోఫ్ దారి చూపించాడు. పీవీసీ. కరెంటు తీగల మీద తొడిగే ప్లాస్టిక్కే. దాన్ని వేడి చేసి, గాలి కొట్టి, బెలూను ఆకారం తెచ్చారు. ఎంత ఒత్తిడి పెట్టినా ఆ ఆకారం దాటి ఉబ్బదు. పగిలింది. మళ్లీ చేశారు. కారింది. మళ్లీ చేశారు. 1974 ఫిబ్రవరిలో మొదటిసారి ఓ రోగి కాలి నాళంలో ఉబ్బించారు. నాళం తెరుచుకుంది.

కాలు సరే. గుండె?

ముందు కుక్కలు. వాటి గుండె నాళానికి దారం కట్టి ఇరుకు చేసి, బెలూనుతో తెరిచాడు. 1976 నవంబరులో మయామీ బీచ్‌లో గుండె డాక్టర్ల మహాసభ. అక్కడ ఓ గోడకి తన ఫలితాల బొమ్మలు అంటించి నిలబడ్డాడు. చూసినవాళ్లు చూశారు. చాలామంది పెదవి విరిచారు. రిచర్డ్ మైలర్ అనే శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్ మాత్రం అక్కడే ఆగిపోయాడు. 1977 మేలో ఇద్దరూ కలిసి శాన్‌ఫ్రాన్సిస్కోలో, బైపాస్ జరుగుతున్న గుండెలో, ఛాతీ తెరిచే ఉండగా బెలూను ఉబ్బించి చూశారు. అందరి భయం ఒకటే. గోడలోంచి ముక్కలు ఊడి కిందికి కొట్టుకుపోయి సన్న నాళాల్ని మూసేస్తాయేమోనని. ముక్కలేవీ కనిపించలేదు.

నాలుగు నెలల తర్వాత, జ్యూరిక్‌లో, ఆ బెలూను ఇరుకు లోపలికి జారింది.

ఇరుకుకి ఇవతల రక్తపు ఒత్తిడి ఎంతుందో, అవతల ఎంతుందో ఆ గొట్టమే కొలిచి చెబుతుంది. అవతల పడిపోయింది. బాగా పడిపోయింది. గుండె ముందు గోడ అంత తక్కువ రక్తంతో నెట్టుకొస్తోందన్నమాట. ఇప్పుడు ఆ కాస్తా ఆపేయాలి.

ఆపితే ఏమవుతుందో తెలియకపోవడానికి కారణం ఉంది. గుండె నాళాల జోలికెళ్తే గుండె ఆగిపోతుందనే భయంలోనే ఆ తరం డాక్టర్లందరూ పెరిగారు. 1958 అక్టోబరు 30న క్లీవ్‌లాండ్‌లో మేసన్ సోన్స్ అనే డాక్టర్ ఓ 26 ఏళ్ల కుర్రాడి గుండె కవాటాన్ని ఫొటో తీయబోయాడు. బల్ల కింద తవ్విన గుంటలో కూర్చుని తెర చూస్తున్నాడు. గొట్టం కొస జారి కుడి గుండె నాళంలోకి దూరింది. అది గమనించేలోగా రంగు మందు మొత్తం అందులోకి దూసుకుపోయింది. గుండె ఆగింది. మానిటర్ మీద గీత తిన్నగా సాగింది. సోన్స్ గుంటలోంచి ఒక్క ఉదుటున పైకి దూకాడు, ఛాతీ కోయడానికి కత్తి కోసం చూశాడు, అంతలో ఏదో తట్టి కుర్రాణ్ణి దగ్గమని అరిచాడు. కుర్రాడు దగ్గాడు. మళ్లీ దగ్గాడు. గుండె మొదలైంది. ఆ పొరపాటు వల్లే గుండె నాళాల్ని విడివిడిగా ఫొటో తీయొచ్చని లోకానికి తెలిసింది. యాంజియోగ్రామ్ పుట్టింది. కానీ తిన్నగా సాగిన ఆ గీత భయం మాత్రం ఎవరి మనసులోంచీ పోలేదు.

బెలూనులోకి ద్రవం ఎక్కింది. ఒత్తిడి పెరిగింది. తెర మీద నల్లటి చిన్న కడ్డీ లావెక్కింది. నాళం పూర్తిగా మూసుకుంది.

ఇప్పుడు అందరి కళ్లూ ఈసీజీ మీదే.

గీత పైకి లేవలేదు. అదుపు తప్పలేదు. దడదడా కొట్టుకోలేదు. ఒక్క అదనపు బీటు కూడా పడలేదు. ఛాతీలో నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడతను.

బెలూను ముడిచారు. అవతలి ఒత్తిడి చూశారు. ముల్లు పైకి జరుగుతోంది! ఇంకా కొంచెం తేడా మిగిలింది. గ్రుంట్జిగ్ ధైర్యం చేసి రెండోసారి ఉబ్బించాడు. మళ్లీ ముడిచాడు. ఈసారి తేడా దాదాపు పోయింది. రంగు మందు పంపి చూశారు. దారంలా ఉన్న చోట నాళం నిండుగా, నున్నగా. ఇంత సులువుగా అయిపోతుందని అక్కడున్నవాళ్లెవరూ అనుకోలేదు. సర్జన్లకి ఆ రోజు పని పడలేదు.

అదే రోజు ప్యారిస్‌లో, తన ఫ్లాట్‌లో, ప్రపంచాన్ని తన గొంతుతో ఊపేసిన ఒపేరా గాయని మరియా కల్లాస్ కుప్పకూలింది. వయసు 53. గుండెపోటు అన్నారు. మర్నాటి పేపర్లన్నీ ఆమె వార్తే. జ్యూరిక్ సంగతి ఎవరికి తెలుసు?

రెండు నెలల్లో తెలిసింది. 1977 నవంబరు. మళ్లీ మయామీ. ఏడాది క్రితం గోడ పక్కన నిలబడ్డ మనిషి ఈసారి వేదిక మీద ఉన్నాడు. నలుగురు రోగుల బొమ్మలు చూపించాడు. ముందు, తర్వాత. ముందు, తర్వాత. ఉపన్యాసం పూర్తి కాకముందే హాలులో చప్పట్లు మొదలయ్యాయి. గుంటలోంచి దూకిన ఆ మేసన్ సోన్సే కళ్లు చెమర్చుకుంటూ వచ్చాడని అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పుకున్నారు. 1978 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో చిన్న ఉత్తరం అచ్చయింది. అయిదుగురు రోగుల సంగతి, అంతే. డాక్టర్లు జ్యూరిక్‌కి వరస కట్టారు.

ఇక్కడ గ్రుంట్జిగ్ ఇంకొకరెవరూ చేయని పని చేశాడు. తన చేతుల్ని అందరి ముందూ పెట్టాడు. టీవీ కెమెరాలు బిగించి, పక్క హాలులో డాక్టర్లని కూర్చోబెట్టి, గొట్టం దూర్చడం నుంచి బయటికి తీసేదాకా ప్రత్యక్షంగా చూపించాడు. బెడిసికొడితే అదీ చూస్తారు. తన దగ్గర నేర్చుకోనివాళ్లకి బెలూన్లు అమ్మొద్దని తయారీదారులకి షరతు పెట్టాడు. ఎందుకంటే బెడిసికొట్టేవి ఉన్నాయని ఆయనకి తెలుసు.

1979లో మొదటి 50 మంది లెక్క బయటపెట్టాడు. పని జరిగింది 32 మందికి. వాళ్లలో ఇరుకు సగటున 84 శాతం నుంచి 34 శాతానికి దిగింది. మిగతావాళ్లకి? కొందరికి బెలూను అక్కడిదాకా చేరనే లేదు. కొందరిని ఉన్నపళంగా సర్జన్లకి అప్పగించాల్సి వచ్చింది. పని జరిగినవాళ్లలోనూ కొందరు నెలల్లోనే అదే నొప్పితో తిరిగొచ్చారు. తెరిచిన చోటే మళ్లీ మూసుకుపోయింది.

ప్లంబర్ ప్రశ్నలో తప్పు అప్పుడు బయటపడింది. బెలూను కొవ్వుని అణచి పక్కకి సర్దేస్తుందని మొదట్లో అనుకున్నారు. చనిపోయినవాళ్ల నాళాలు కోసి చూస్తే అసలు సంగతి వేరే. బెలూను గోడని చీలుస్తుంది. పగలగొడుతుంది, సాగదీస్తుంది. దారి వెడల్పయ్యేది అందుకే. అంటే అది ఒక గాయం. గాయపడిన గోడ ఊరుకోదు. కొన్నిసార్లు చీలిన పొర వెంటనే తలుపులా వాలి దారి మూసేస్తుంది. కొన్నిసార్లు గోడ ముడుచుకుపోతుంది, మాననిచ్చే కణజాలం అతిగా పెరిగి ఆరు నెలల్లో దారి నింపేస్తుంది. దాదాపు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇదే గతి.

గ్రుంట్జిగ్ 1980లో అట్లాంటాకి మారాడు. ఎమరీ యూనివర్సిటీ. పేరు, డబ్బు, సొంత విమానం. నడిపేదీ ఆయనే.

1985 అక్టోబరు 27, ఆదివారం. వాన. దట్టమైన మబ్బులు. సముద్రం ఒడ్డున ఉన్న ఇంటి నుంచి అట్లాంటాకి తిరుగు ప్రయాణం. రెండు ఇంజన్ల చిన్న విమానంలో పక్క సీట్లో రెండో భార్య మార్గరెట్ ఆన్. జార్జియాలో ఫోర్‌సైత్ దగ్గర విమానం చెట్ల మీద కూలింది. ఇద్దరూ పోయారు. ఆయనకి 46 ఏళ్లు. ‘పిచ్చి చార్లీ’ డాటర్ ఆ ఫిబ్రవరిలోనే పోయాడు. సోన్స్ ఆగస్టులో. దారి వేసిన ముగ్గురినీ ఒకే ఏడాది పట్టుకుపోయింది.

ఆ విమానం కూలడానికి సుమారు రెండు వారాల ముందు స్టాక్‌హోమ్‌లో వైద్య నోబెల్ ప్రకటించారు. డాలస్‌లో పనిచేసే మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్‌లకి. ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి లాగేసే గ్రాహకాల్ని, అవి లోపించినవాళ్లకి పిన్న వయసులోనే గుండెపోట్లు ఎందుకొస్తాయో కనిపెట్టినందుకు. జపాన్‌లో అకిరా ఎండో బూజులోంచి తీసిన పదార్థం ఆ గ్రాహకాల్ని పెంచుతుందని అప్పటికే తేలింది. ఆ కుదురులోంచి మందుగా మొదట బజారుకొచ్చిన స్టాటిన్‌కి 1987 సెప్టెంబరులో అమెరికా అనుమతి దొరికింది. గోడకి మందు అది.

అదే నెలలో, సరిగ్గా పదేళ్లకి, జ్యూరిక్ ఇన్సూరెన్స్ మనిషి అట్లాంటాలో ఎక్స్‌రే బల్ల ఎక్కాడు. ఇరుకు ఉన్న చోటు తెరిచే ఉంది. ఇరవైమూడేళ్ల తర్వాత చూసినా తెరిచే ఉందని 2001లో వైద్య పత్రికలో రాశారు. అందరికీ అంత అదృష్టం పట్టలేదు. అందుకే తెరిచిన దారి మూసుకోకుండా లోపలే ఓ ఊత వదిలేయాలన్న ఆలోచన పుట్టింది. 1986 మార్చిలో ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో జాక్ ప్యుయెల్ మొదటిసారి ఓ మనిషి గుండె నాళంలో లోహపు జాలి అమర్చాడు. స్టెంట్. తర్వాత దానికి మందు పూశారు, మానే కణజాలం అతిగా పెరగకుండా.

1990ల్లో హైదరాబాద్‌లో ఇద్దరు కూర్చున్నారు. ఒకరు గుండె డాక్టర్ బి. సోమరాజు. ఇంకొకరు క్షిపణుల మనిషి ఏపీజే అబ్దుల్ కలాం. విదేశీ స్టెంట్ ధర వింటేనే రోగి గుండె ఆగేలా ఉన్న రోజులవి. రక్షణ ప్రయోగశాలల లోహ పరిజ్ఞానంతో చవకగా ఇక్కడే ఎందుకు చేయకూడదు? చేశారు. కలాం-రాజు స్టెంట్. అయినా మందు పూసిన విదేశీ స్టెంట్లదే రాజ్యమైంది. లక్ష దాటి పలికినవీ ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం వాటి ధరకి కళ్లెం వేసింది. మామూలు స్టెంట్‌కి 7,260 రూపాయలు, మందు పూసినదానికి 29,600. ఒక్క రాత్రిలో అంత తగ్గించగలిగారంటే, అంతకుముందు కట్టినవాళ్ల డబ్బంతా ఎక్కడికి పోయినట్టు?

ధర కంటే పెద్ద ప్రశ్న 2007లోనే వచ్చి పడింది. ‘కరేజ్’ అనే పరిశోధన. ఇరుకు ఉండి, శ్రమ పడినప్పుడు నొప్పి వస్తూ, నిలకడగా ఉన్న రోగులు 2,287 మంది. సగంమందికి మందులు. సగంమందికి మందులతో పాటు బెలూను, స్టెంట్. నాలుగైదేళ్లు చూశారు. స్టెంట్ వేసినవాళ్లకి నొప్పి త్వరగా తగ్గింది. చావుల్లో, గుండెపోట్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. బెలూనే బతుకుగా ఉన్న డాక్టర్లు కొందరు భగ్గుమన్నారు. లెక్క మారలేదు. ఎందుకంటే గుండెపోటు తెచ్చేది తరచూ ఆ ఇరుకు కాదు. పక్కనెక్కడో, దారిని పెద్దగా మూయకుండా, పైపొర పలచబడి కూర్చున్న ఇంకో మెత్తటి పుండు. అది పగులుతుంది. దాని మీద రక్తం గడ్డ కడుతుంది. ఇరుకుకి స్టెంట్ వేసినా ఈ పుండు ఉన్నచోటే ఉంటుంది.

పగిలిపోయిందా, అప్పుడు కథ వేరు. గడ్డ దారి మూసిన క్షణం నుంచి కండరం చస్తూ పోతుంది. అప్పుడు గంటలు కూడా కాదు, నిమిషాలు లెక్క. ఆ దశలో ప్రాణం నిలబెట్టడంలో బెలూనుకి సాటి లేదు. ఇప్పుడు చాలాచోట్ల గజ్జ నుంచి కాకుండా మణికట్టు నుంచే వెళ్తున్నారు. తీగ గడ్డలోంచి దూరుతుంది, బెలూను ఉబ్బుతుంది, స్టెంట్ గోడకి అంటుకుంటుంది, తెర మీద నల్లటి కొమ్మ చివరంటా నిండుతుంది. మూడో రోజో నాలుగో రోజో ఇంటికి పంపిస్తారు.

చేతిలో మందుల చీటీ పెడతారు. రక్తం గడ్డకట్టకుండా రెండు మాత్రలు. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్. బీపీకి ఒకటి. లోపలి కొత్త లోహం మీద కణాల పొర పరుచుకునేదాకా ఆ మొదటి రెండూ ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. స్టాటిన్ పనిచేసేది స్టెంట్ వేయని మిగతా గోడంతటి మీదా. స్టెంట్ వేశారుగా, ఇంకా మాత్రలెందుకని రెండో నెలలోనే అన్నీ కట్టిపెట్టేసి, మళ్లీ ఛాతీ పట్టుకుని క్యాజువాలిటీకి వచ్చిన మనుషుల సంగతి, మన ఊళ్లలో ఏ గుండె డాక్టర్ని కదిపినా చెబుతాడు.